గొడుగులకు వేసిన తాళం

కొట్లో లేని సరుకుని ఉందని చెప్పి, కొనేవాడిని మాటల్లో కూర్చోబెట్టి, పక్క వీధి నుంచి తెప్పించి అమ్మిన సందర్భాలు నాకు బోలెడున్నాయి. ఉన్న సరుకుని లేదని చెప్పింది మాత్రం ఒక్కసారే. అదీ నా సొంత తమ్ముడితో.

మాది తలుపుల సామాను కొట్టు. తాళాలు, గొళ్ళాలు, గడియలు, బందులు, పిడులు, తలుపుకి తలుపు తప్ప అన్నీ దొరుకుతాయి. బజారంతా నన్ను తాళాలక్క అంటుంది. మొదట్లో కోపమొచ్చేది. తర్వాత లెక్క వేసుకుని చూశాను. బోర్డు రాయించకుండానే ఊరంతా నా కొట్టు పేరు చెప్తోందంటే నాకు వచ్చిన నష్టమేంటి? ఊరుకున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం మా తమ్ముడు చెమటలు తుడుచుకుంటూ వచ్చి గల్లా మీద మోచేతులు ఆనించాడు.

"అక్కా, నీ దగ్గరున్న వాటిల్లో అన్నిటికన్నా పెద్ద తాళం ఇవ్వు. ఒక గొలుసు కూడా. లావుపాటిది."

"ఏ తలుపుకి?"

"ఏదో ఒక తలుపుకి. ముందు తియ్యవే, పనివాళ్ళు ఎదురు చూస్తున్నారు."

ఎవరైనా తాళం అడిగితే ముందు తలుపు సంగతి అడగడం నా అలవాటు. తలుపు తెలియకుండా తాళం అమ్మితే మర్నాడు అది వెనక్కి వస్తుంది. వెనక్కి వచ్చిన తాళం మీద గీతలుంటాయి, దాన్ని ఇంకొకరికి అంటగట్టాలంటే మళ్ళీ నా నోరే నొప్పి పుట్టాలి.

"స్టోర్ రూముకి," అన్నాడు వాడు, నా కళ్ళలోకి చూడకుండా.

"నీ స్టోర్ రూముకి తాళం నేనే బిగించాను కదరా. ఒంటి రెక్క తలుపు. దానికి గొలుసెందుకు, మెడలో వేస్తావా?"

గొలుసు కావాలంటే రెండు రెక్కల తలుపు ఉండాలి, రెండు పిడులుండాలి, వాటిలోంచి దూర్చి బిగించాలి. మా తమ్ముడి దగ్గర అలాంటి తలుపులు రెండే ఉన్నాయి. ఒకటి వాడి క్లబ్బు ముందు తలుపు. దానికి వాడు గొలుసు వెయ్యడు, వేస్తే జనం ఎలా వస్తారు? ఇక మిగిలింది ఒక్కటే.

మా తమ్ముడు నైట్‌క్లబ్బు పెడుతున్నాడు. పాత కాగితాల గిడ్డంగి ఒకటి అద్దెకు తీసుకుని, గోడలకి నల్ల రంగు వేయించి, పైకప్పు నిండా దీపాలు వేలాడదీశాడు. శనివారం ప్రారంభం. ఆ రోజు పాటలు వేసే డీజే ఎవరంటే మా అమ్మాయి. ఇన్నాళ్ళూ పుట్టినరోజులకీ, బట్టల కొట్ల ప్రారంభాలకీ పాటలు వేసిన పిల్ల. మొదటిసారి తన పేరుతో గోడ పత్రిక పడింది. దాన్ని చూడ్డానికి రోజూ అరమైలు చుట్టు తిరిగి ఇంటికొస్తోంది.

"వెనక తలుపుకేనా?" అన్నాను.

వాడు ఇక దాచలేకపోయాడు. "ఏం చెయ్యమంటావు? మొన్న స్నేహితులని పిలిచి ఊరికే చూసుకుందామని పాటలు పెట్టానా, ఒక్కడు ముందు నుంచి వస్తాడు, వెళ్ళి వెనక తలుపు తీసి పదిమందిని లోపలికి లాగుతాడు. కాసేపటికి లోపల గాలాడలేదు. ఎవరు పిలిచారో, ఎవరు దూరారో నాకే తెలియదు. గొలుసు బిగిస్తే పీడా వదిలిపోతుంది."

"గొలుసు లేదు."

"మరి నీ నెత్తి మీద వేలాడేదేంటి?"

"అది అలంకారం."

"దాని చివరనున్న తాళమో?"

"అదీ అలంకారమే. జత."

మా ఆయన్ని గల్లా దగ్గర కూర్చోబెట్టి, కొలత టేపు సంచిలో వేసుకుని, వాడి వెంట బయల్దేరాను. సరుకు అమ్మకపోయినా తలుపు చూసి రావడంలో నాకు పోయేదేమీ లేదు.

క్లబ్బు ముందు విశాలమైన ముంగిలి ఉంది, చుట్టూ గోడ. ముందు తలుపు దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఆ మనిషి వీపు చాటున తలుపు ఉందని నాకు ముందే తెలుసు కాబట్టి సరిపోయింది, లేకపోతే కనబడేది కాదు. అందరూ అతన్ని గుమ్మం అని పిలుస్తారు. జనాన్ని లెక్కపెట్టి లోపలికి పంపడం అతని ఉద్యోగం. బొటనవేలితో నొక్కితే అంకె మారే చిన్న యంత్రం ఒకటి అతని అరచేతిలో మాయమైపోయి ఉంది.

"ఇది వచ్చేవాళ్ళని లెక్కపెడుతుంది సరే, పోయేవాళ్ళనో?" అడిగాను.

"పోయేవాళ్ళతో మనకేం పని అమ్మగారూ?" అన్నాడు గుమ్మం, నిజంగానే ఆశ్చర్యపోతూ.

లోపల హాలు పొడవుగా ఉంది. చివర్న వేదిక. దాని మీద మా అమ్మాయి వైర్ల మధ్య కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తనలో తాను తలూపుతోంది. వేదిక పక్కన గోడకి నల్ల తెర. ఆ తెర తొలగిస్తే గోడ రంగే పూసిన రెండు రెక్కల తలుపు. తలుపు ఉందని తెలిసినవాడు కూడా తడుముకోవాల్సిందే. రెక్కలు తిరిగే బందులు లోపలివైపే కనబడుతున్నాయి. అంటే తలుపు లోపలికి తెరుచుకుంటుంది. దాని అవతల ఒక సందు, ఆ సందు గోడ చుట్టూ తిరిగి మళ్ళీ ముందు ముంగిలికే వస్తుంది.

పైకి చూశాను. వేదిక మీద కప్పుకి స్పాంజి పలకలు అతికించారు, చప్పుడు బయటికి పోకుండా. కింద ఒక మూల మిగిలిన ముక్కలు పడున్నాయి. ఒక ముక్క తీసుకుని ముంగిట్లోకి వెళ్ళి అగ్గిపుల్ల గీశాను. పుల్ల తగిలీ తగలకముందే అది భగ్గుమంది. నల్లటి పొగ కక్కుతూ, కరిగి చుక్కలు చుక్కలుగా రాలి, నేల మీద కూడా మండుతూనే ఉంది. గుమ్మం నాలుగడుగులు వెనక్కి వేశాడు. అతను నాలుగడుగులు వేస్తే ముంగిలి సగం ఖాళీ అయింది.

"అమ్మినవాడు దీనికేం కాదన్నాడే," అన్నాడు మా తమ్ముడు మెల్లిగా.

"వాడికేం కాదు. దాని కింద కూర్చునేది వాడు కాదుగా."

మా తమ్ముడు మొండివాడే గానీ మూర్ఖుడు కాదు. కాసేపు ఆ నల్లటి మరక వైపు చూసి, లోపలికెళ్ళి వడ్రంగిని పిలిచి స్పాంజి మొత్తం ఊడదీయమన్నాడు. అది ఊడాక మళ్ళీ తలుపు దగ్గరికి వచ్చాం. అక్కడ మాత్రం వాడు దిగిరాలేదు.

"గోడకి తాళం వేస్తే ఎవరూ అడగరు. తలుపుకి వేస్తే అడుగుతావేంటే?"

"తలుపు ఉంది కాబట్టి అడుగుతున్నా. శనివారం లోపల ఎంతమందిని ఎక్కిస్తావు?"

"మూడొందలు."

"అనుమతి బోర్డు మీద రెండొందలని ఉంది."

"అది కూర్చునేవాళ్ళకి. మనవాళ్ళు నిలబడతారు. నిలబడ్డ మనిషికి చోటెంత కావాలి?"

"చేతులు కట్టుకుని డాన్స్ చేస్తారా?"

మా అమ్మాయి హెడ్‌ఫోన్లు మెడలోకి దించింది. "అమ్మా, నువ్వు వచ్చి నా మొదటి ప్రోగ్రామే ఆపేస్తావా ఏంటి? మావయ్యకి కోపమొస్తే ఇంకెవరినో పెట్టుకుంటాడు."

"అబ్బే, నాకెందుకమ్మా కోపం? మీ అమ్మ నోటికి తాళం దొరికితే చాలు," అన్నాడు వాడు. నవ్వుతూనే అన్నాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇంకొక్క మాట అంటే పంతానికి పోతాడు.

నిలబడ్డచోటే లెక్క వేసుకున్నాను. గట్టిగా పట్టుబడితే పిల్ల మొదటి ప్రోగ్రాము పోతుంది. దాని కళ్ళల్లోకి ఆ తర్వాత ఎలా చూడాలో నాకు తెలియదు. పట్టుబట్టకపోతే నా పిల్ల హాలుకి ఆ చివర, ముందు తలుపుకి అంత దూరాన, మూడొందల మంది వెనక, గొలుసు వేసిన తలుపు పక్కన నిలబడుతుంది. ఈ బేరంలో ఏ వైపు చూసినా నాకు మిగిలేది లేదు. అలాంటప్పుడు బేరమే మార్చాలి.

"సరే. ఒక పందెం," అన్నాను. "శుక్రవారం మధ్యాహ్నం మన బజారు వాళ్ళనీ, మన బంధువుల్నీ పిలుద్దాం. నువ్వు ఎంతమందిని ఎక్కించాలనుకుంటున్నావో అంతమందినీ నింపు. గొలుసు లేకుండానే. అమ్మాయి ఒక పాట వేస్తుంది. పాట మొదట్లో గంట కొట్టు. పాట అయ్యేలోపు అందరూ ముంగిట్లో ఉంటే, ఆ గొలుసూ తాళమూ నేనే తెచ్చి నా చేత్తో బిగిస్తా."

"లేకపోతే?"

"తలుపు సంగతీ, జనం సంగతీ నేను చెప్పినట్టు వినాలి. అమ్మాయి సంగతి మాత్రం నువ్వు అనుకున్నట్టే."

వాడు పగలబడి నవ్వాడు. "అంత పెద్ద ముందు తలుపు పెట్టుకుని నేను ఓడిపోతానా? తాళానికి నూనె వేసి ఉంచుకో."

పిల్ల చప్పట్లు కొట్టింది. పెద్ద పాట వెయ్యనా, చిన్న పాటా అని అడిగింది.

"పెద్దదే వెయ్యి. మీ మావయ్యకి అన్యాయం చెయ్యకూడదు," అన్నాను.

శుక్రవారం వాన పట్టుకుంది. అయినా టీ, బిస్కెట్లు, ఉచితంగా పాటలు అని చెప్పేసరికి బజారు బజారంతా తరలివచ్చింది. చెప్పుల కొట్టాయన, దర్జీ, పూల కొట్టు అత్తాకోడళ్ళు, మా ఆయన వైపు వాళ్ళు, మా వైపు వాళ్ళు. అందరికన్నా ముందు మా పిన్ని వచ్చింది. మా అమ్మకి చెల్లెలు. ఏ పెళ్ళికైనా పెళ్ళివారికన్నా ముందుండే మనిషి. చేతిలో కొత్త గొడుగు, చెక్క పిడి, అంచుకి జాలరు.

ముందు తలుపు లోపలే మా తమ్ముడు ఒక బల్ల వేయించాడు. ఎవరు వచ్చినా గొడుగు, సంచి అక్కడ గుమ్మం చేతికిచ్చి, అంకె చెక్కిన ఇత్తడి బిళ్ళ తీసుకోవాలి. ఆ బిళ్ళలంటే వాడికి మహా గర్వం. "పెద్ద పెద్ద క్లబ్బుల్లో ఇలాగే ఉంటుంది," అని వచ్చినవాళ్ళందరికీ చూపించాడు.

"పోగొడితే?" అంది పిన్ని, బిళ్ళని పమిట చెంగున ముడేసుకుంటూ.

"పోనివ్వను పిన్నిగారూ. నా ప్రాణం పోయినా మీ గొడుగు మీకే," అన్నాడు గుమ్మం, గుండె మీద చెయ్యి వేసుకుని.

హాలు నిండింది. పాట మొదలైంది. గంట మోగింది.

ఒక్కరూ కదల్లేదు. గంట కూడా పాటలో భాగమే అనుకున్నారు. పిన్ని అయితే గంట దెబ్బకి ఒకటి చొప్పున తల ఊపడం మొదలుపెట్టింది. చివరికి మా అమ్మాయి పాట చప్పుడు తగ్గించి మైకులో, "గంట మోగుతోంది, అందరూ బయటికి నడవండి!" అని అరిస్తే అప్పుడు కదిలారు. కదిలినవాళ్ళు కదిలినట్టు ఎటు తిరిగారు? వచ్చిన తలుపు వైపే. వెనక తలుపు ఉందని ఎవరికీ తెలియదు. తెలిసిన ఇద్దరు, చెప్పుల కొట్టాయనా దర్జీ, తెర తీసి తలుపుని తోశారు. తోస్తున్నకొద్దీ అది బిగుసుకుంది. "లాగండయ్యా!" అని హాలు ఈ చివర నుంచి నేను అరిచాను గానీ అప్పటికే వాళ్ళ వెనక ఇంకో పాతికమంది వీపు మీద వీపు ఆనించి తోస్తున్నారు. లాగడానికి మోచెయ్యి మడిచే చోటు కూడా లేదు.

ముందు తలుపు దగ్గర అంతకన్నా విడ్డూరం. తలుపు బార్లా తెరిచే ఉంది. కానీ ఎవరూ గడప దాటడం లేదు. అందరూ బల్ల ముందు ఆగిపోయి, బిళ్ళలు పైకెత్తి పట్టుకున్నారు.

"నాది ముందు ఇవ్వు బాబూ!"

"నా సంచిలో కళ్ళజోడుంది!"

"ఒరేయ్ గుమ్మం, జాలరు గొడుగురా, జాలరు గొడుగు! కొత్తదిరా!" అని పిన్ని చెంగు ముడి విప్పుకోవడానికి తంటాలు పడుతోంది. ముడి బిగిసిపోయింది. ఆవిడ తలుపుకి అడ్డంగా నిలబడి విప్పుతోంది.

గుమ్మం మాటంటే మాట. ప్రాణం పోయినా గొడుగు ఇస్తానన్నాడు కదా. ఒక్కొక్క బిళ్ళా తీసుకుని, వెలుతురు వైపు తిప్పి అంకె చదివి, గొడుగు వెతికి ఇస్తున్నాడు. మధ్యలో, "తోసుకోకండి, అందరికీ ఇస్తా," అని ధైర్యం కూడా చెప్తున్నాడు.

వీళ్ళ తెలివి చూడు అనుకుని నవ్వుకున్నాను. చెయ్యి నొప్పిగా అనిపించి పైకి చూసుకున్నాను. నా చెయ్యి కూడా పైకే ఉంది. దానిలో బిళ్ళ ఉంది. పందెం కట్టింది నేను, గంట కొట్టించింది నేను, గొడుగు కోసం వరసలో నిలబడిందీ నేనే.

పాట అయిపోయింది. సగం మంది కూడా బయట లేరు.

అందరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుకుంటున్నారు. నేనూ నవ్వుతూనే వెనక్కి తిరిగి చూశాను. జనం తలల మీదుగా, ఆ చివర, వేదిక మీద మా అమ్మాయి ఒక్కతే నిలబడి ఉంది. దిగడానికి దారి లేదు. మెట్ల నిండా మనుషులే. నన్ను చూసి చెయ్యి ఊపింది. నవ్వుతోంది పాపం, దానికేం తెలుసు. నా నవ్వు సగంలో ఆగిపోయింది.

పక్కకి చూస్తే మా తమ్ముడు. వాడు కూడా అటే చూస్తున్నాడు. వాడి చెవులు ఎర్రగా లేవు, తెల్లగా ఉన్నాయి.

"అక్కా," అన్నాడు, "సంచిలో టేపు తెచ్చావా?"

"తెచ్చాను. సంచి గుమ్మం దగ్గరుంది. బిళ్ళ ఇస్తా, తెచ్చిపెట్టు."

ఆ సాయంత్రమే పని మొదలైంది. వడ్రంగి తలుపు రెక్కలు విప్పి, బందులు మార్చి, బయటికి తెరుచుకునేలా బిగించాడు. నల్ల తెర ఊడదీశాం. తలుపుకి ఆకుపచ్చ రంగు వేయించి పైన దీపం పెట్టించాను. నా కొట్టులోంచి ఒక అడ్డకడ్డీ తెచ్చాను. నడుము ఎత్తున అడ్డంగా ఉంటుంది. లోపలి నుంచి మనిషి దాని మీద వాలితే చాలు, గడియ జారి తలుపు తెరుచుకుంటుంది. బయటివైపు పట్టుకోవడానికి పిడి కూడా ఉండదు. తలుపు తెరుచుకోగానే పైన గంట మోగుతుంది.

"ఎవడైనా స్నేహితుల్ని దూర్చాలని చూస్తే గంట మోగుతుంది, నీ గుమ్మం వెళ్ళి సందు చివర నిలబడతాడు. అతను నిలబడితే ఇంక సందెక్కడుంది?" అన్నాను.

"ఇదేదో మొదటే చెప్పొచ్చుగా!"

"నువ్వు తాళం అడిగావు. తలుపు అడిగితే చెప్పేదాన్ని."

గుమ్మం చేతికి రెండో యంత్రం ఇచ్చాం, కుడిచేత్తో వచ్చేవాళ్ళు, ఎడమచేత్తో పోయేవాళ్ళు. ఇక మిగిలింది గొడుగులు. మా తమ్ముడు బిళ్ళలు మానేద్దామన్నాడు. నేను వద్దన్నాను. మనిషికి తన వస్తువు మీద ఆశ ఎప్పుడూ ఉంటుంది. దాన్ని చంపలేం. కానీ సరుకు ఎటు పెడితే కొనేవాడు అటు నడుస్తాడని కొట్టు నడిపే ఎవరికైనా తెలుసు. "బల్ల తీసుకెళ్ళి ముంగిట్లో, ప్రహరీ పక్కన, రేకు కింద వెయ్యి," అన్నాను. "రెండు తలుపుల దారులూ అక్కడికే వస్తాయి. గొడుగు కావాలంటే బయటికే పరుగెత్తాలి."

శనివారం పొద్దున అగ్నిమాపక శాఖ అధికారిణి వచ్చింది. కళ్ళజోడు, పొడుగు బూట్లు, తక్కువ మాటలు. తలుపులు కొలిచింది, కడ్డీ నొక్కింది, దీపాలు ఆర్పి ఆకుపచ్చ దీపం వెలుగుతోందో లేదో చూసింది. మళ్ళీ మనవాళ్ళని రెండొందల మందిని నింపి గంట కొట్టమంది. ఈసారి పిన్ని అందరికన్నా ముందు వెనక తలుపు లోంచి దూసుకొచ్చి, సందు చుట్టి, ముంగిట్లో గొడుగు బల్ల ముందు నిలబడి రొప్పుతోంది. పాట ఇంకా మిగిలే ఉంది.

"ఆవిడ వయసెంత?" అంది అధికారిణి.

"గొడుగు కొత్తదండి," అన్నాను.

ఆ మనిషి మొదటిసారి నవ్వింది. సంతకం పెట్టేముందు మా తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "మేడం, అంతా ఇంత బాగుంది కదా, ఇంకో యాభైమందికి..."

"ఈ తలుపులకి రెండొందలే. ఇంకా కావాలంటే ఇంకో తలుపు పెట్టండి, అప్పుడు పిలవండి, వస్తాను." సంతకం పెట్టి వెళ్ళిపోయింది. నాకు ఆ మనిషి నచ్చింది. ఒకటే ధర చెప్పి, అక్కడే నిలబడే మనిషి.

సాయంత్రం నేను తొందరగా కొట్టు కట్టేద్దామనుకుంటే ఒకాయన ఒక్క గొళ్ళెం కోసం కొట్టంతా దింపించాడు. ఇంటికెళ్ళి చీర మార్చుకుని క్లబ్బుకి వచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి. లోపల పాటలు మొదలైపోయాయి. ముంగిట్లో పెద్ద కారు ఒకటి ఆగి ఉంది. దాన్లోంచి దిగిన మా తమ్ముడి స్నేహితుడెవరో బతిమాలుతున్నాడు. మా తమ్ముడు రెండు చేతులూ జోడించి, "రేపు రారా, రేపు నిన్నే మొదట పంపిస్తా," అని పంపించేశాడు. వాడి వైపు గర్వంగా చూసి, నా గొడుగు బల్ల మీద పెట్టి, బిళ్ళ తీసుకుని, తలుపు వైపు నడిచాను.

గుమ్మం కదల్లేదు.

"అమ్మగారూ, రెండొందలు అయిపోయారు."

"నేనయ్యా."

"తెలుసమ్మగారూ. మీరు రెండొందల ఒకటి."

"లోపల పాటలు వేస్తున్నది నా కూతురు."

"అందుకే కదమ్మగారూ మీరిదంతా పెట్టించారు," అన్నాడు. అతని మొహంలో వెక్కిరింత లేదు. అదే నన్ను ఇంకా ఇబ్బంది పెట్టింది.

తమ్ముడి వైపు తిరిగాను. వాడు మీసం కింద నవ్వు దాచుకుంటూ బోర్డు వైపు వేలు చూపించాడు. "అక్కా, ఆ అంకె దగ్గర నన్ను ఎవరు నిలబెట్టారో గుర్తుందా?"

"బేరం లేదంటావా?"

"లేదు. ఒకటే ధర."

ఎన్నో బేరాలు చూశాను గానీ నా సొంత సరుకు నాకే ఎదురుతిరిగిన రోజు ఇదే. దేవుడు పంపినట్టు అప్పుడే పిన్ని బయటికి వచ్చింది, చెవుల్లో వేళ్ళు పెట్టుకుని.

"అబ్బబ్బ, గుండెల్లో రోకలి దంచుతున్నట్టుందే! కాస్త గాలి పీల్చుకుంటా."

గుమ్మం ఎడమచెయ్యి నొక్కాడు. నేను అతని కుడిచెయ్యి పట్టుకుని నేనే నొక్కి లోపలికి దూరాను.

హాలు చూడముచ్చటగా ఉంది. జనం ఉన్నారు, చేతులూపడానికి చోటూ ఉంది. మా అమ్మాయి వేదిక మీద వెలిగిపోతోంది. నన్ను చూసి కనుబొమ్మలెగరేసింది. దగ్గరగా చూద్దామని గోడ పక్కగా నడుచుకుంటూ వేదిక దాకా వెళ్ళాను. పక్కనే నా తలుపు. ఆకుపచ్చగా, ముద్దొస్తూ. నా కడ్డీ.

ఏ కొట్టువాళ్ళయినా చెప్తారు, బిగించి ఇచ్చిన సరుకు పక్క నుంచి పోతూ చెయ్యి వెయ్యకుండా ఉండటం మావల్ల కాదు. బిగువు సరిగ్గా ఉందా అని కాస్త, ఇంత కాస్త నొక్కాను.

గంట మోగింది.

మా అమ్మాయి చెయ్యి వెంటనే పాట ఆపేసింది. "అందరూ బయటికి నడవండి. మీకు దగ్గరున్న తలుపు. తోసుకోవద్దు," అంది మైకులో. గొంతు వణకలేదు. జనం ఒక్క క్షణం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని నడవడం మొదలుపెట్టారు, సగం అటు, సగం ఇటు. "ఏం లేదు, ఏం లేదు, నేనే!" అని నేను అంటూనే ఉన్నాను. ఎవరు వింటారు? నన్ను కూడా నడిపించుకుంటూ తీసుకుపోయారు. సందు చుట్టి ముంగిట్లోకి వచ్చేసరికి, గొడుగు బల్ల పక్కన, నాకన్నా ముందే, మా అమ్మాయి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

నాకన్నా ముందే. ఆ ఒక్కటే చూసుకున్నాను నేను. నిన్నటి పందెం పాట వేసి ఉంటే సగం కూడా అయ్యుండేది కాదు.

మా తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. "మంటెక్కడ? ఎక్కడ?"

"మంట లేదురా. నేనే."

"ఎందుకే?"

"సరుకు పనిచేస్తోందా లేదా అని..."

"అమ్మా!" అంది మా అమ్మాయి. ఆ ఒక్క మాటలో ఎన్ని తిట్లు పట్టాయో లెక్క వెయ్యలేను. కానీ పక్కనున్న కుర్రకారు ముందు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు, ఎవరో చప్పట్లు కొట్టారు, చివరికి అది కూడా మూతి బిగించుకోలేక నవ్వేసింది. "సగంలో ఆపిన పాట మొదటి నుంచి వేస్తా, రండి!" అని అరిచింది. ముంగిలంతా కేకలు.

గుమ్మం రెండు యంత్రాలూ సున్నాకి తిప్పి, తలుపు దగ్గర నిలబడి మళ్ళీ మొదటి నుంచి నొక్కడం మొదలుపెట్టాడు. తమ్ముడికి సంజాయిషీ చెప్పుకుని నేను వరస చివరికి చేరేసరికి, నా ముందు ఒక్కరే మిగిలారు. పిన్ని.

"గాలి పీల్చుకున్నానే. ఇప్పుడు బాగుంది," అంటూ లోపలికి వెళ్ళింది.

గుమ్మం కుడిచేతి యంత్రం నా వైపు తిప్పి చూపించాడు. రెండొందలు. నేను వెనక్కి తిరిగాను.

మా తమ్ముడు రెండు కుర్చీలు తెచ్చి ముంగిట్లో వేశాడు. కూర్చున్నాం. లోపల పాట మొదలైంది. కుర్చీ కాళ్ళలోంచి దరువు పాదాలకి తెలుస్తోంది. గోడ అవతల రెండొందల మంది ఒకేసారి అరుస్తున్నారు, నా పిల్ల కోసం. ఇక్కడి నుంచి కూడా బాగానే ఉంది.

కాసేపటికి వాడు గొడుగు బల్ల వైపు చూస్తూ గడ్డం గోక్కున్నాడు. "అక్కా, ఇందాక గోలలో ఎవడో ఒక గొడుగు ఎత్తుకుపోయాడే. బయట పెట్టాం కదా, కాపలా లేదు. రేపు ఒక చెక్క అలమార చేయిస్తా, రెండు రెక్కలది. కొట్లో నీ నెత్తి మీద వేలాడే ఆ తాళం..."

"ఏ తలుపుకి?" అన్నాను.

"గొడుగులకే తల్లీ, గొడుగులకే."

"అయితే ఉంది. పొద్దున్నే రా. గొలుసు కూడా తీసి ఉంచుతా."